పోటు నీరు

నరసాపురం, మందుల షాపు మీద మేడ.
అద్దాల గదిలో కొపనాతి భైరవమూర్తి.
ముప్పయ్యేళ్ళు పంటు ఇంజను పక్కన నిలబడ్డ మనిషి
ఇప్పుడు కుర్చీ అంచున కూర్చున్నాడు,
చెవులకి నల్లటి డిప్పలు,
చేతిలో బొత్తాం.
"వినపడితే నొక్కండి" అన్నాను.
"వినపడినట్టుంటేనాండి?" అన్నాడు.

నా ఫారంలో ఆ ప్రశ్నకి గడి లేదు.

చప్పుడు పంపిస్తాను.
అది చెవి గూట్లో పల్చటి పొరని తడుతుంది,
బియ్యపు గింజలంత ఎముకలు మూడు
ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి,
నత్తగుల్లలో నీరు కదులుతుంది,
నీటి అడుగున నాచులాంటి వెంట్రుకలు వంగుతాయి,
వంగిన చోట చిటుక్కున కరెంటు.
ఇక్కడిదాకా నాకు తెలుసు.
ఇక్కడిదాకా అంతా పంటకాలువే.
లాకు ఎత్తితే నీరు కిందికి పోతుంది,
ఎవర్నీ అడగక్కర్లేదు.

నలభై అయిదు దగ్గర ఒకే చప్పుడు మూడుసార్లు పంపాను.
మొదటిసారి వేలు కదల్లేదు.
రెండోసారి నొక్కాడు.
మూడోసారి అద్దంలోంచి నా కేసి చూస్తూ ఉండిపోయాడు.
అదే చప్పుడు. అవే ఎముకలు. అదే నీరు.
మూడుసార్లూ కబురు గుమ్మందాకా వెళ్ళే ఉంటుంది.
రెండుసార్లు లోపల ఎవరూ పలకలేదు.

చదువుకునే రోజుల్లో చెప్పారు మాకు:
చెవి పంపిన అల మెదడుకి చేరడం వినడం కాదట.
చేరిన అల లోపలికి, ఇంకా లోపలికి పోయి
జ్ఞాపకాన్నీ భయాన్నీ పేర్లనీ తట్టి లేపి
మళ్ళీ వచ్చిన దారినే వెనక్కి పొంగితే
అప్పుడు, రెప్పపాటు ఆలస్యంగా,
"విన్నాను" అనేది పుడుతుందట.
అందరూ ఒప్పుకోలేదు ఆ మాట. ఇప్పటికీ తగువే.
నేను మాత్రం ఒప్పేసుకున్నాను,
వశిష్ఠ గట్టున పుట్టినదాన్ని కనక.

కాలువ నీటికి ఒకటే దారి.
మా ఏటికి రెండు.
ధవళేశ్వరం నించి వచ్చిన నీరు వచ్చినట్టే పోతే
ఎవరికీ పట్టదు.
సముద్రం దాకా పోయి, ఉప్పు రుచి చూసి,
పోటెక్కి తిరిగొచ్చినప్పుడే
కట్టేసిన పడవలు ముక్కు తిప్పి చూస్తాయి.

భైరవమూర్తి ఈసారి గట్టిగా నొక్కాడు.
నేనేమీ పంపలేదు.
"ఇప్పుడేం లేదండి" అన్నాను మైకులో.
"ఆయ్, మోగిందండి.
రాత్రిళ్ళు కూడా మోగుద్దండి. పంటు కట్టేసి, ఇంటికొచ్చి,
లైటార్పేక ఇంజనెత్తుకుంటదండి.
మా ఆవిడకి వినపడదు."
కాస్త ఆగి
"పంటు మీదుండగా మాత్రం అది నాకెప్పుడూ వినపళ్ళేదండి.
ఆగినప్పుడే తెలిసేది" అన్నాడు.

కాగితం మీద గీత రేవు మెట్లలా దిగింది.
లావు చప్పుళ్ళ దగ్గర పొడి మెట్లు,
సన్న చప్పుళ్ళకొచ్చేసరికి నీళ్ళల్లో మునిగినవి.
చిన్నపిల్లల గొంతులు ఆ మునిగిన మెట్ల మీదే ఉంటాయి.
ఆ మాట చెప్పడానికి ఇంకోరోజు రమ్మన్నాను.
ఏమీ పంపనప్పుడు నొక్కినదానికి
రూలు ప్రకారం "తప్పు" అని రాయాలి.
రాశాను.
రాసేముందు పెన్ను చాలాసేపు గాల్లో ఉండిపోయింది.

సాయంత్రం సఖినేటిపల్లి పంటెక్కాను.
కొబ్బరికాయల ట్రాక్టరు, మూడు మోటారుసైకిళ్ళు, రొయ్యల మేత బస్తాలు.
డ్రైవరెవరో కుర్రాడు, చెవిలో దూది కూడా లేదు.
నా పక్కనున్నావిడ చీటీ పాట గొడవ చెబుతోంది,
నేను ఊఁ కొడుతున్నాను,
ఇద్దరం గొంతు పెంచి, దేని మీదో పెంచి,
అది ఉందన్న ఊహ కూడా లేకుండా.

రేవు ఇంకా ఇరవై బారలుందనగా
కుర్రాడు ఇంజను ఆపేశాడు.
పంటు మీద అందరం ఒక్కసారి నోరు మూశాం.
పోటు మీదుంది ఏరు.
ఆగిపోయిన ఇంజను
అప్పుడు వినపడింది నాకు,
మొదటినించీ.